గడపకు, పొలిమేరకు మన దగ్గర దేవతలున్నారా?

అడిగినవారు రోమన్ల తలుపుల దేవుడు జానస్‌నూ గ్రీకుల కూడలి దేవత హెకటేనూ గుర్తుచేసి, “గుమ్మాలకు, సరిహద్దులకు ప్రత్యేకంగా దేవతలు మన పురాణాల్లో ఉన్నారా? ఉంటే వాళ్ల పేర్లు ఎందుకు వినబడవు?” అన్నారు.

ఉన్నారు. వినబడకపోవడానికి కారణం మనం పురాణాల్లో వెతకడమే. మన హద్దు దేవతల్లో ఎక్కువమందికి సంస్కృతంలో శ్లోకం లేదు. ఒక రాయి, ఒక వేపచెట్టు, ఊరు తీర్చాల్సిన మేక బాకీ, అంతే. నేను నల్లగొండ వైపు పల్లెలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడినదాన్ని. మా ఊరి నడుమ రాయికి చేసే బొడ్రాయి పండుగకు ఆడబిడ్డగా పోయి చూసింది చెప్తాను. ముందు పురాణాల సంగతి కాస్త.

పురాణాల్లో గడప అనగానే నరసింహుడే గుర్తొస్తాడు. హిరణ్యకశిపుడు అడిగిన వరం ఆరితేరిన లాయరు రాసిన అగ్రిమెంటులా ఉంటుంది. ఇంట్లో చావు రాకూడదు, బయట రాకూడదు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. మనిషి చేతిలో వద్దు, మృగం చేతిలో వద్దు. ఆయుధంతో అసలే వద్దు. స్వామి అన్నింటి మధ్యా సందు వెతుక్కున్నాడు. సంధ్యవేళ, గుమ్మంలో, తొడ మీద పడేసుకుని గోళ్లతో చీల్చాడు. ఇందులో నాకు ఎప్పుడూ తమాషాగా అనిపించేది ఇంకొకటి ఉంది. ఆ హిరణ్యకశిపుడు అంతకుముందు ఎవరు? వైకుంఠంలో ద్వారపాలకులైన జయవిజయుల్లో ఒకడు. సనక సనందనాదుల్ని వాకిట్లో ఆపినందుకు శాపం తగిలి రాక్షసుడై పుట్టాడు. వాకిట్లో మొదలైన గొడవ, ఆ జన్మ వరకు, వాకిట్లోనే తేలింది. వినాయకుడిదీ గుమ్మం కథే. తల్లి స్నానానికి పోతూ కాపలా పెట్టింది, తండ్రినే లోపలికి రానివ్వలేదు, ఉన్న తల పోయి ఏనుగు తల వచ్చింది. గుడి ద్వారానికి అటు మొసలి మీద గంగ, ఇటు తాబేలు మీద యమున నిలబడటం గుప్తుల కాలం నాటి గుళ్లలోనే కనిపిస్తుంది.

కాబట్టి పురాణాలు గడపను పట్టించుకోలేదని అనలేం. కాకపోతే అక్కడ గడప కథకు పనికొచ్చే లొసుగు, లేకపోతే ఒకరి కాపలా ఉద్యోగం. గడపే దేవత కావడం మాత్రం ఇళ్లల్లో జరిగింది.

మా ఇంట్లో శుక్రవారం పొద్దున నానమ్మ చేసే మొదటి పని గడప కడగడం. గిన్నెలో పసుపు చిక్కగా కలిపి, అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున పూసేది. మధ్యలో చెయ్యి ఎత్తేది కాదు. తడి ఆరకముందే కుంకుమ బొట్లు, వాటి పక్కన బియ్యప్పిండి చుక్కలు. ఏళ్ల తరబడి పూసిన పసుపు కర్ర పగుళ్లలో గట్టిపడి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడొచ్చేది. అలా గీకినందుకు నా వీపు మోగింది కూడా. ఆమె లెక్కలో గడప అంటే లక్ష్మికి వేసిన పీట. అందుకే దాని చుట్టూ అన్ని కట్టుబాట్లు: గడప మీద కూర్చోవద్దు, తొక్కొద్దు, అటొకరు ఇటొకరు నిలబడి డబ్బులు ఇచ్చుకోవద్దు, దీపాలు పెట్టే వేళ అడ్డంగా నిలబడొద్దు. కొత్త ఇంటికి ద్వారబంధం ఎత్తేటప్పుడు ముహూర్తం చూసి కింద నవధాన్యాలు వేసి, వడ్రంగికి బట్టలు పెట్టడమూ ఆ మర్యాదలో భాగమే. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో గడప అంటే నేలకు అతుక్కున్న గ్రానైట్ పట్టీ. దాని మీద కొందరు పసుపు రంగు పెయింట్ వేసి ఎర్ర చుక్కలు పెడతారు, కొందరు ఆన్‌లైన్‌లో గడప స్టిక్కర్ తెప్పించుకుంటారు. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, మా ఇంటికి ఉన్నది స్టిక్కరే.

ఇక ఊరి సంగతి. తెలంగాణ పల్లెల్లో ఊరి నడుమ ఒక రాయి ఉంటుంది, బొడ్రాయి. ఆంధ్రాలో బొడ్డురాయి అంటారు. ఊరు కట్టేటప్పుడు ముందు పాతేది దాన్నేనని పెద్దల మాట. సరిహద్దు గురించి అడిగితే నడిమధ్య రాయి గురించి చెప్తోందేంటి అనుకోకండి. రెండూ ఒకే వ్యవహారం. బొడ్రాయిని నిలబెట్టారంటే పొలిమేరకు బలి అందాల్సిందే. పండుగ పత్రికల్లో భూలక్ష్మి, మహాలక్ష్మి సమేత బొడ్రాయి ప్రతిష్ఠ అని అచ్చువేస్తారు.

మా ఊళ్లో పండుగ రావడానికి కారణం సీసీ రోడ్డు. రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరిగింది, రాయి పెరగదు కదా. చివరికి తల ఒక్కటే బయటికి కనబడేది, పక్కనుంచి ట్రాక్టర్లు రాసుకుంటూ పోయేవి. ఆ రోజుల్లోనే ఊళ్లో పడుచువాళ్లు కొందరు వరసగా చనిపోయారు, బైక్ యాక్సిడెంట్లు ఎక్కువ. ఇంకేముంది, “బొడ్రాయి కుంగింది, ఊరు కుంగుతది” అన్న మాట లేచింది. పెద్దమనుషులు కూర్చుని ఇంటికింత అని చందా వేశారు. సర్పంచ్ ఎలక్షన్ల నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వర్గాలవాళ్లు పక్కపక్కన కూర్చుని లెక్కలు రాయడం నేను అప్పుడే చూశాను.

ఈ పండుగకు ఊరి ఆడబిడ్డలందరినీ పిలవాలి. ఎక్కడికి ఇచ్చినా, ఎంత పెద్దవాళ్లయినా సరే. భివండీలో మగ్గాల పనికని పోయి అక్కడే ఉండిపోయిన మా మేనత్త కూడా కోడళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. పాత రాయి పక్కన గుంత తీసి, యంత్రం, నవధాన్యాలు వేసి కొత్త రాయి నిలబెట్టాక, బిందెల్లో పసుపు నీళ్లు, వేపాకు వేసి తెచ్చి ఇల్లిల్లూ పోయాలి. బోరు నీళ్లే. కానీ మేనత్త మాత్రం ఊరి బావి నుంచే తెస్తానని పట్టుబట్టి, చెత్త నిండిన ఆ బావి దగ్గర చాలాసేపు తాడుతో కుస్తీ పట్టింది. రాయి చుట్టూ మడమల లోతు పసుపు నీళ్లు. ఆ నీళ్లు ఎవరింటి వైపు పారితే వాళ్లకు మంచిదని ఒక మాట. దానికోసం ఒకాయన మెల్లగా కాలితో కాలవ తీస్తుంటే వాళ్లావిడే చూసి తిట్టింది.

రాత్రికి పొలి, అంటే పొలిమేర చుట్టూ బలి అన్నం చల్లడం. మధ్యాహ్నం నుంచే డప్పు కొట్టి చాటింపు వేశారు: “పొద్దూకినంక ఊరోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు ఊళ్లెకు రావద్దు. పొలి అయ్యేదాంక ఎవ్వలు పొలిమేర దాటొద్దు.” దారులన్నిటికీ అడ్డంగా దుంగలు పెట్టి కుర్రాళ్లను నిలబెట్టారు. చివరి బస్సు ముందు ఊరి స్టేజీ నుంచే తిరిగిపోయింది. పాపం ఒక కొరియర్ అబ్బాయి బైక్ మీద వచ్చి, పార్సిల్ పైకెత్తి చూపించి, “అన్నా, ఓటీపీ ఒక్కటి కనుక్కోని చెప్పుండ్రి, ఈడనే పెట్టిపోత” అని బతిమాలాడు. “ఓటీపీ గూడ పొలిమేర దాటొద్దు తమ్మీ” అన్నాడు మా చిన్నాన్న కొడుకు. అందరూ నవ్వారు. పార్సిల్ మాత్రం లోపలికి రాలేదు. నాకేమో తెల్లారితే ఆఫీసు, లీవు లేదు, ఒకటే టెన్షన్. రాత్రికే బయల్దేరతానంటే అమ్మ వినలేదు. “పొలి గాకముందు ఆడబిడ్డ దాటితే ఊరి సత్తువ ఎంటబోతది” అంది. పెళ్లి చేసి పంపినప్పుడు పోని సత్తువ ఇప్పుడెలా పోతుందని అడిగితే జవాబు లేదు, చీపురు తిరగేసింది.

గ్రామదేవతల పూజ చేసే బైండ్లాయన మేకను బలిచ్చి, ఆ నెత్తురు అన్నంలో కలిపి, పసుపు, కుంకుమ, వేపాకు వేస్తాడు. దాన్ని వెదురు గంపలో పెట్టి నెత్తిన ఎత్తుకుంటారు. ముందు డప్పులు, జమిడిక, వెనక మగవాళ్ల గుంపు. ఊరి హద్దు పట్టుకుని చుట్టూ నడుస్తూ, మలుపు మలుపుకూ నిమ్మకాయ కోసి, పిడికెడు అన్నం చల్లి “పొలి… పొలి” అని అరుస్తారు. వెనక్కి తిరిగి చూడకూడదు. ఆడవాళ్లను రానివ్వరు కాబట్టి మేం డాబా ఎక్కి చూశాం. ఒకప్పుడు కాగడాలట, ఇప్పుడు సెల్‌ఫోన్ లైట్లు. ఆ వెలుగుల వరస చెరువు కట్ట ఎక్కి, మామిడితోట వెనకగా పోయి, గుట్ట కింద మలుపు తిరిగి, వాగు దగ్గర కాసేపు ఆగిపోయి మళ్లీ కదిలింది. పుట్టి పెరిగిన ఊరు ఏ ఆకారంలో ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పట్వారీ నక్షాలో గీత వేరు, పొలి నడిచిన గీత వేరని పెద్దనాన్న పక్కన నిలబడి చెప్పాడు. గుట్ట కింద కొంత చెలక, అంటే మెట్ట నేల, కాగితాల్లో పక్క ఊరిది, పొలి లెక్కలో మాది.

హద్దు దేవత అనగానే గీత మీద నిలబడి కాపలా కాసే దేవత అనుకుంటాం. నేను చూసింది అలా లేదు. గీత ముందే ఉండదు, నడిస్తేనే ఏర్పడుతుంది. అన్నం పడినంత మేర ఊరు, ఆ తర్వాత ఊరు కాదు. కొన్నేళ్లు నడవకపోతే హద్దు చెరిగిపోయినట్టే లెక్క, అందుకే మళ్లీ మళ్లీ నడవాలి, మళ్లీ మళ్లీ తిండి పెట్టాలి.

ఆ అన్నం ఎక్కడ పడుతుందన్నది చిన్న సంగతి కాదు. పక్క ఊరి నేలలో పడితే మన కీడు వాళ్లకు అంటగట్టినట్టే. నానమ్మ చిన్నతనంలో పొలి రాత్రి అవతలి ఊరి మగవాళ్లు కట్టెలు పట్టుకుని గెట్టు మీద కూర్చునేవాళ్లట. కలరా, మశూచి కాలంలో అమ్మవారిని చిన్న బండి మీద కూర్చోబెట్టి పొలిమేర దాటించి వదిలేవారు. ఆ బండిని చూసిన పక్క ఊరివాళ్లు తమ వంతుగా పూజ చేసి దాన్ని ఇంకో పొలిమేర దాటించేవారు.

రోమన్లది ఇక్కడే తేడా. వాళ్ల హద్దురాళ్ల దేవుడు టెర్మినస్. ఫిబ్రవరి 23న టెర్మినాలియా పండుగనాడు హద్దురాయికి అటు రైతు, ఇటు రైతు ఎవరి వైపు నుంచి వాళ్లు దండ వేసి, గొర్రెపిల్లనో పందిపిల్లనో బలిచ్చి, కలిసి భోజనం చేసేవారు. గెట్టు పంచాయితీలతో కోర్టులకు తిరిగే మా ఊరి అన్నదమ్ములకు ఆ పండుగ నేర్పాలి. ఈ టెర్మినస్ మహా మొండి. కాపిటోలిన్ కొండ మీద జూపిటర్‌కు గుడి కట్టడానికి మిగతా దేవతలు చోటు ఖాళీ చేస్తే ఈయన కదలనన్నాడట. చేసేదిలేక ఆయన రాయిని గుడి లోపలే ఉంచి, ఆకాశం కనబడేలా పైకప్పులో సందు వదిలారు. మా సీసీ రోడ్డు కాంట్రాక్టరుకు ఎవరైనా ఈ కథ చెప్పి ఉండాల్సింది. అన్నట్టు, రోమన్లకు ఒక్క తలుపుకే ముగ్గురు దేవతలు: తలుపు రెక్కకు ఫోర్కులస్, బందుకు కార్డియా, గడపకు లిమెంటినస్. మనిషైతే ఒక్క వాచ్‌మన్ చాలు కదా అని క్రైస్తవ గురువు సెయింట్ అగస్టీన్ వెక్కిరించాడు. మన అమ్మవార్ల లిస్టు చూస్తే ఆయన ఏమనేవాడో.

మన పొలిమేర తల్లుల్లో బయటివాళ్లకు తొందరగా అర్థం కానిది ఒకటుంది. రోగం తెచ్చే తల్లీ, రోగం నుంచి కాపాడే తల్లీ ఒక్కరే. కాబట్టి ఆమెను రానివ్వకుండా ఆపడం కుదరదు. పిలవాలి, బోనం పెట్టాలి, సాక (ఆమె ముందు నేల మీద ధారగా పోసే నైవేద్యం) పొయ్యాలి, తర్వాత మర్యాదగా సాగనంపాలి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి కథ అదే. 1813లో ఇక్కడ కలరా ప్రబలినప్పుడు, సైన్యంలో పనిచేస్తూ ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో విగ్రహం పెట్టాడని చెప్తారు. ఆషాఢంలో బోనాలంటే ఆ తల్లి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ. ఒంటికి పసుపు, నడుముకు వేపమండలు కట్టుకుని కొరడా ఝళిపిస్తూ ముందు నడిచే పోతురాజు ఆమె తమ్ముడు. కోస్తాలో అదే పోతురాజు చాలాచోట్ల గుడి ముందు నిలబడిన రాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే చాలా పల్లెలు దారులకు ముళ్లకంప అడ్డం వేసుకున్నాయి, మీకూ గుర్తుండే ఉంటుంది. మా ఊళ్లో కంప వేసింది సరిగ్గా పొలిమేర మైసమ్మ రాయి దగ్గర. ఎవరూ ఆలోచించి చేసింది కాదు. ఊళ్లోకి ఏది రావాలన్నా ఆ చోటు నుంచే రావాలి, అమ్మవారిని అక్కడ పెట్టినవాళ్ల లెక్క కూడా అదే అయివుంటుంది.

మైసమ్మకు చోటును బట్టి పేరు. కోట దగ్గర కోట మైసమ్మ, చెరువు దగ్గర కట్ట మైసమ్మ, గండి పడిన చోట గండి మైసమ్మ. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద కడ్తాల్ దగ్గర మైసిగండి మైసమ్మ ఉంది. కొత్త బండి కొన్నవాళ్లు, దూరం పోయేవాళ్లు అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టకుండా కదలరు. కోస్తాలో తుని దగ్గర లోవ తలుపులమ్మకూ బండ్లవాళ్ల మొక్కులే ఎక్కువ. చెరువు కట్ట కూడా పొలిమేరే, నీళ్లకూ ఊరికీ మధ్య. అది తెగితే ఊరు లేదు. అందుకే కట్ట దేవతల కథల్లో మనిషి బలి తరచూ వినబడుతుంది. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు గండి పడబోతే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ తనే నడిచిపోయి గండిలో నిలబడి ఊరిని కాపాడిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాసింది ఆమె మీదే. ఆ త్యాగాన్ని అందరూ పొగుడుతారు గానీ, ఊరికి గండి పడితే కోడలే ఎందుకు కనబడిందో అని నాకు అనిపిస్తూనే ఉంటుంది. బయటి నుంచి వచ్చినది, ఇంటిలోపల ఉన్నది, రెండూ ఆమే. హద్దుకు బలి కావడానికి ఆ అర్హత సరిపోయిందేమో.

అర్హత అంటే గుర్తొచ్చింది. ఈ దేవతల దగ్గర పూజ ఎవరిది? తెలంగాణలో బైండ్లవాళ్లు, ఆంధ్రాలో పంబలవాళ్లు, ఆసాదులు, రాయలసీమలో మాతంగులు. ఊరు తన హద్దు అవతల కూర్చోబెట్టిన కులాలే ఊరి హద్దును కట్టాలి. రేణుకా ఎల్లమ్మ కథలో ఇది సూటిగా ఉంటుంది. తండ్రి మాట మీద పరశురాముడు గొడ్డలి ఎత్తితే రేణుక వాడకు పరుగెత్తి ఒక మాదిగ ఇల్లాలిని కావలించుకుంది. ఒక్క వేటుకు ఇద్దరి తలలూ తెగాయి. మళ్లీ బతికించేటప్పుడు ఒకరి తల ఒకరి మొండేనికి అతికింది. ఊరికీ వాడకూ మధ్య గీత ఆ తల్లి మెడ మీదుగా పోతుంది. జాతరనాడు మాతంగి, అంటే దేవతకు వదిలిన స్త్రీ, ఎంతటివాళ్లనైనా తిట్టొచ్చు, కల్లు పుక్కిలించి ఉమ్మొచ్చు, అందరూ తల వంచి భరిస్తారు. దీన్ని సమానత్వం అని మురిసిపోయేవాళ్లున్నారు. నాకు ఆ మురిపెం లేదు. జోగిని, మాతంగి పేర్లతో ఆడపిల్లల్ని దేవతకు వదిలే ఆచారాన్ని ఆపడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. మా పండుగలో కూడా పొలి గంప మోసింది వాడ మనిషే. బొడ్రాయి మీద మొదటి బిందె పోసే వంతు మాత్రం వాడ దాకా రాలేదు. అడిగితే “ఆనవాయితీ” అన్నారు.

ఒక్క ఊరే కాదు, క్షేత్రాలకూ గడపలున్నాయి. శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలు. కొండ మీద సాక్షి గణపతి చేతిలో కలం, పుస్తకం పెట్టుకుని వచ్చినవాళ్ల హాజరు రాసుకుంటాడు. తిరుమలకు తొలి గడప దేవుని కడప. ఉగాదినాడు అక్కడి వెంకటేశ్వరుడికి ముస్లింలు కొబ్బరికాయలు, బెల్లం తెచ్చి మొక్కుకుంటారు, స్వామిని చేసుకున్న బీబీ నాంచారమ్మ తమ ఆడపడుచు కదా అంటారు. తిరుపతి గంగమ్మ జాతరలో చాటింపు అయ్యాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదన్న నియమం ఉంది, మా పొలి నియమమే.

చూడాలనిపిస్తే గంగమ్మ జాతర మే నెలలో, బోనాలు ఆషాఢంలో. వీటికి ఎవరైనా పోవచ్చు. బొడ్రాయి పండుగకు తేదీ ఉండదు, ఏ ఊళ్లో ఎప్పుడు పడుతుందో ఆ ఊరి ఆడబిడ్డ ఎవరైనా చెప్తేనే తెలుస్తుంది. వెళ్తే పొలి ఏ రాత్రో ముందే కనుక్కుని మర్నాటికి లీవు పెట్టుకోండి, గంప ఎత్తాక ఫొటోలు తీయకండి. మేక మాంసం మాత్రం ఏ ఇంట్లో అడిగినా పెడతారు.